రైలుపట్టాల బిళ్ళ

మార్చి 3, సోమవారం. సాయంత్రం 5

నా పేరు ఆఫీసు కాగితాల్లో ఒకటుంది, దాంతో నన్నెవరూ పిలవరు. అందరూ గంజమ్మ అంటారు. లాండ్రీలో గంజి పెట్టే పనితో మొదలయ్యాను కాబట్టి. వయసు డెబ్భై రెండు. డెబ్భై నాలుగు అని కోడలంటుంది, దాని మాట పట్టించుకోవద్దు. ఇంట్లో ఉండేది నేనూ, ఆ కోడలూ. అది సిటీ బస్సులో కండక్టరు. నా కొడుకు లారీ తోలతాడు, పది రోజులకోసారి వచ్చి నిద్రపోయి వెళ్తాడు. మాకు రెండు గదులు, ఒక వరండా. వరండా అవతలి వాటాలో రిటైరైన నర్సమ్మ ఉంటుంది. ఈ రాత ఆవిడది, మాట నాది. నాకు అక్షరం ముక్క రాదు.

నోటి మాట గాలికి పోతుంది, తేదీ వేసిన కాగితం పోదు, ఏ రోజుది ఆ రోజు చెప్పు నేను రాస్తాను అంది నర్సమ్మ. సరేనన్నాను. ఒక్కటే షరతు. తిట్టింది తిట్టినట్టు రాయాలి, రాసింది చదివి వినిపించాలి.

జరిగింది ఇది. పోయిన గురువారం మా లాండ్రీలో పెద్ద మిషను కింద డ్రైన్ మూసుకుపోయింది. నీళ్ళు వెనక్కి తన్నాయి. డ్రైన్‌లో చెయ్యి పెట్టమంటే అందరికీ నడుం నొప్పి గుర్తొస్తుంది. నేనే కూర్చున్నాను. కాలరు టార్చి పట్టుకున్నాడు. కాలరంటే మా ఇస్త్రీ మనిషి. చొక్కాలో కాలరు ఒక్కటే బాగా చేస్తాడు, మిగతా చొక్కా దేవుడికి వదిలేస్తాడు. మోచేతి దాకా పెట్టి లాగాను. గుప్పెడు జిగురు, రెండు గుండీలు, ఒక హెయిర్‌పిన్ను, ఈ పాత నాణెం బిళ్ళ వచ్చాయి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెద్దాయన పెట్టాడు, ఇప్పటి ఓనరు తండ్రి. జేబులో దొరికినా, మిషను డ్రమ్ములో దొరికినా అది కస్టమరుది. నోటైనా గుండీ అయినా తిరిగి ఇవ్వాల్సిందే. కస్టమరెవరో తెలియకపోతే షాపులో దాస్తారు. డ్రైన్‌లో దొరికింది మాత్రం చెయ్యి పెట్టినవాళ్ళది. అంత కంపులో చెయ్యి పెట్టినందుకు ఆ మాత్రం ఉండాలన్నాడు. నలభై ఏళ్ళుగా ఇదే నడుస్తోంది.

బిళ్ళ పచ్చగా పెంకు కట్టి ఉంది. మరక కనిపిస్తే నా చెయ్యి ఆగదు. టేబుల్ మీద బట్టల తుప్పు మరకలకి వాడే తుప్పు మందు సీసా ఉంటే, దూదితో రెండు చుక్కలు వేసి అంకె ఉన్న వైపు రుద్దాను. గులాబీ రంగులో తళతళలాడింది. మురిసిపోయాను. తిప్పాను. అటువైపు పిట్ట బొమ్మ, చుట్టూ అక్షరాలు. ఎక్కువ పెంకు కిందే ఉన్నాయి, మూడు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ మూడిటినీ చూసి చెయ్యి ఆగింది. అక్షరాలకి రైలుపట్టాలున్నాయి.

ప్యాంటుకి మడత వేశాక, రెండోసారి ఇస్త్రీపెట్టె పెట్టేటప్పుడు వెంట్రుకవాసి జరిగితే రెండు మడతలు పడతాయి పక్కపక్కన. దాన్ని మేం రైలుపట్టాలంటాం. కొత్తవాళ్ళు చేసే తప్పు. బిళ్ళ మీద ఆ తప్పు ఎవరు చేశారా అనుకున్నాను.

శనివారం బస్సు డిపో పక్కన వాచీల మాస్టారికి చూపించాను. వాచీలు బాగుచేస్తాడు, పాత బిళ్ళలు పోగేస్తాడు. కంట్లో లెన్సు పెట్టుకుని చూశాడు, చూస్తూనే ఉండిపోయాడు. అమ్మా, దీన్ని ఇంక రుద్దకండి, మీకు దణ్ణం పెడతాను అన్నాడు. ఎందుకన్నాను. ముందు ఇంటికి తీసుకెళ్ళి కాగితంలో పెట్టండి, గురువారం తీరిగ్గా రండి అన్నాడు. ఆ సమయంలో కాలరు వాచీకి బెల్టు వేయించుకోవడానికి వచ్చి ఇదంతా విన్నాడు.

ఇవాళ పనికి వెళ్ళగానే చిన్న ఓనరు పిలిచాడు. పెద్దమ్మా, ఏదో దొరికిందట, ఇచ్చెయ్ అన్నాడు. డ్రైన్‌లో దొరికింది బాబూ, నాది అన్నాను. డ్రమ్ము దగ్గర దొరికిందని కాలరు చెప్పాడే అన్నాడు. కాలరు వైపు చూశాను. వాడు చొక్కా వైపు చూశాడు. ఇచ్చేదాకా పనిలోకి రావద్దని ఓనరు అందరి ముందూ అన్నాడు. దొంగ అనలేదు. అనకుండా ఎలా అనాలో అలా అన్నాడు.

నాకు కావాల్సింది ఇది, రాయి నర్సమ్మా. ఆ బిళ్ళ నాదని నలుగురిలో వాళ్ళ నోటితోనే చెప్పాలి. అది చిల్లిగవ్వ చెయ్యకపోయినా సరే.

మార్చి 4, మంగళవారం

పనికి వెళ్ళాను. గేటు తియ్యలేదు. నా టేబుల్ మీద కాలరు దుప్పట్లు మడుస్తున్నాడు. అంచులు కలవలేదు. గేటు బయట నుంచే అరిచి చెప్పాను. విప్పి మళ్ళీ మడిచాడు.

మార్చి 6, గురువారం

వాచీల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. మూడు గంటలు చెప్పాడు. నాకు మిగిలినంత చెప్తాను.

బిళ్ళలు వెయ్యడానికి ఉక్కు అచ్చు ఉంటుంది. ఆ అచ్చుని తయారుచేసేటప్పుడు దాని మీద బొమ్మని రెండుసార్లు నొక్కుతారు. రెండోసారి కొంచెం జరిగితే అచ్చులోనే జంట గీత పడిపోతుంది. ఆ అచ్చుతో వేసిన బిళ్ళలన్నిటికీ అదే తప్పు వస్తుంది. చూసుకోగానే ఆ అచ్చు పారేస్తారు. ఈలోపు బయటికి పోయినవి కొన్నే. వాటిని వేరియటీ అంటారు, వెతికి వెతికి కొంటారు.

అయితే దొంగ జంట కూడా ఉందట. అచ్చు మంచిదే, కానీ బిళ్ళని కొట్టేటప్పుడు మిషను అదిరితే గీత పక్కకి ఈడ్చుకుపోతుంది. దానికి విలువ లేదు. రెండూ లెన్సు కింద పెట్టి చూపించాడు. ఉత్తిది మెట్టులా చదునుగా ఉంటుంది. నిజమైనదానికి రెండు గీతలూ గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, మధ్యలో సందు ఉంటుంది, గీత చివర చేప తోకలా చీలుతుంది. ఒకటి నిజమైన రైలుపట్టా, ఇంకోటి ముడత పడిన గుడ్డ. అంతే తేడా. ఆ మాట అంటే మాస్టారు నవ్వి, ముప్పై ఏళ్ళుగా చెప్తున్నాను ఇంత బాగా నాకు రాలేదు అన్నాడు.

నా బిళ్ళ పెట్టాడు. మూడు అక్షరాలకీ చేప తోక ఉంది. మూడూ ఒకలాగే ఉన్నాయి కదమ్మా అన్నాడు. కాదన్నాను. మొదటి రెంటికీ సందు సన్నం, మూడోదానికి వెడల్పు, పిట్ట తోక వైపు వెళ్ళేకొద్దీ పెరుగుతోందన్నాను. ఆయన మళ్ళీ చూశాడు. బిళ్ళల పుస్తకం తీశాడు. అందులో అదే బొమ్మ, తోక వైపు వెడల్పు. అక్షరాలు చదువుకుంటూ పోయాను, చూడలేదు అన్నాడు. చదువు రానివాళ్ళకి చూడటమే ఉంటుంది మాస్టారూ అన్నాను.

ఇంకొక గుర్తు ఉండాలి. పిట్ట కాలి గోరు కింద చిన్న గాటు. అది కూడా ఉంటే ఇంక సందేహం లేదు. ఉంటే ఏమొస్తుందన్నాను. మీ లాండ్రీలో పెద్ద మిషను ఉందే, దాన్ని కొనచ్చు అన్నాడు. కాకపోతే ఆ గాటు ఉండాల్సిన చోట పెంకు ఉంది.

మీరే కొంటారా అన్నాను. కొననమ్మా, కొనేవాడి మాట సాక్ష్యానికి పనికిరాదు, మీకు సాక్ష్యం కావాలి అన్నాడు. ఆ మాటకి ఆయన మీద నమ్మకం కుదిరింది.

రెండోవైపు చూసి మాత్రం బాధపడ్డాడు. బిళ్ళకి చర్మం ఉంటుందట. ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుంది. నేను తుప్పు మందుతో ఆ చర్మం ఒలిచేశాను. తిరిగి రాదు. సగం విలువ నా చేత్తోనే పోగొట్టాను. ఇది కూడా రాయి నర్సమ్మా, నా తప్పు దాచొద్దు.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ బిళ్ళని ముట్టుకోలేదు. చేతులు దురదపెట్టాయి.

మార్చి 10, సోమవారం. మధ్యాహ్నం

లేబర్ ఆఫీసుకి వెళ్ళాం. కోడలు సెలవు పెట్టి వచ్చింది. అక్కడి ఆఫీసరు మేడమ్‌కి ముప్పై ఐదు దాటినట్టు లేదు, పెద్ద కళ్ళద్దాలు. కాగితం నర్సమ్మ రాసింది, నా తరపున తనే సంతకం పెట్టింది.

చిన్న ఓనరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా ఎవరు చేశారో నాకు తెలుసు, కాలరు తప్ప అన్నీ ముడతలే. పెద్దమ్మా, నీకూ నాకూ మధ్య ఆఫీసులేంటి, నన్ను ఎత్తుకున్నదానివి అన్నాడు. ఎత్తుకున్నందుకే బాబూ, కింద పడేస్తే ఎలా ఉంటుందో నీకు తెలియదు అన్నాను. మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేడమ్ ఇద్దర్నీ అడిగింది. పద్ధతి ఉన్నమాట నిజమేనని ఓనరు ఒప్పుకున్నాడు. కానీ బిళ్ళ డ్రైన్‌లోది కాదు, ఆ వారం వచ్చిన హోటలు దుప్పట్లతో డ్రమ్ములోకి వచ్చిందన్నాడు. కాలరు సాక్షి అన్నాడు. కాలరుని పిలిచారు. ఎక్కడ చూశావంటే, డ్రమ్ము దగ్గరే అన్నాడు. డ్రమ్ము దగ్గరంటే లోపలా కిందా అంది మేడమ్. దగ్గర అన్నాడు మళ్ళీ. డ్రైన్ ఉన్నది డ్రమ్ము కిందే కదరా, టార్చి పట్టుకుంది నీ తాతా అన్నాను. మేడమ్ నన్ను కూర్చోమంది. నేను అప్పటిదాకా లేచి ఉన్నానని తెలియదు.

ఇరవై నాలుగో తారీఖు రమ్మంది. ఇద్దరూ రుజువు తెచ్చుకోవాలి. అప్పటిదాకా బిళ్ళ ఉన్నది ఉన్నట్టుగా నర్సమ్మ దగ్గర ఉండాలి. కడగకూడదు.

బస్సులో కోడలు అడిగింది. అత్తయ్యా, ఆ బిళ్ళ ఇచ్చేస్తే పని మిగులుతుంది కదా, ఎందుకింత అంది. నీ టికెట్ల సంచి లెక్కలో తేడా రాకపోయినా వచ్చిందని నలుగురిలో అంటే ఊరుకుంటావా అన్నాను. మూడు స్టాపులు చేతిలో టికెట్టు నలుపుతూ కూర్చుంది. నాలుగో స్టాపులో, ఊరుకోను అంది.

మార్చి 11, మంగళవారం

నర్సమ్మ మాస్టారి దగ్గర లెన్సు అరువు తెచ్చింది. కిటికీ దగ్గర పెట్టి పెంకుని చూసింది. గంజమ్మా ఇటు రా అంది. పెంకు లోపల దారాలున్నాయి. తెల్లవి, నీలివి. పచ్చటి తుప్పులో, సబ్బు జిగురులో పొరలు పొరలుగా ఇరుక్కుని. డ్రమ్ములో గంట తిరిగిన బిళ్ళకి ఇవి పట్టవు. డ్రైన్ గోతిలో ఏళ్ళు పడి ఉంటేనే పడతాయి.

అంటే నా సాక్షి ఆ మురికే.

మురికి ఉంచితే బిళ్ళ నాదని చెప్పచ్చు, అది ఏ బిళ్ళో తెలియదు. మురికి తీస్తే అది ఏ బిళ్ళో తెలుస్తుంది, ఎవరిదో తెలియదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు. జీవితమంతా మురికి వదిలించి బతికినదాన్ని, ఇప్పుడు దాన్ని కాపలా కాస్తున్నాను.

మార్చి 14, శుక్రవారం

అంకె వైపు లేతపచ్చ పొడి లేచింది. పిండి చల్లినట్టు. మాస్టారు చూసి, మందు మిగిలిపోయి లోపల తింటోంది, ఇలాగే వదిలితే నెలరోజుల్లో గుంటలు పడతాయి అన్నాడు. కడగాలి అన్నాడు. కడగకూడదని మేడమ్ చెప్పింది కదా అన్నాను. ఇద్దరి మాటా నిజమే అన్నాడు. ఇలాంటి సలహా చెప్పడానికి మాస్టారెందుకు, నా కోడలు చాలు.

సాయంత్రం కోడలు అంది, ఫోనులో ఫొటోలు తీసి కడిగేద్దాం అని. ఫొటో ఎక్కడిదైనా కావచ్చంటాడు ఓనరు. కాదు. కడిగేది వాళ్ళ కళ్ళ ముందే కడుగుతాను. వదిలిన ప్రతి పోగునీ పట్టి పెడతాను. నాకు రాని పని కాదు. నాకు రానిది ఒక్కటే, రుద్దకుండా ఉండటం. అది నేర్చుకోవాలి. పది రోజుల టైముంది.

మార్చి 17, సోమవారం

కోడలు డిపోలో చెల్లని పాత బిళ్ళలు ఇరవై పోగుచేసి తెచ్చింది. నర్సమ్మ వంటగదిలో మొదలుపెట్టాం.

మాస్టారు చెప్పిన పద్ధతి ఇది. బిళ్ళని అంచులతోనే పట్టుకోవాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు. కుళాయి నీళ్ళు వద్దు, మందుల షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ కావాలి. గాజు గిన్నెలో గుడ్డ పరిచి, దాని మీద బిళ్ళ ఉంచి నానబెట్టాలి. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాలి. జిడ్డు ఉంటే ఉత్త అసిటోన్‌లో ముంచాలి, అదీ గాజు పాత్రలోనే, కిటికీలు తీసి, పొయ్యి ఆర్పి. గోళ్ళ రంగు తీసే సీసా పనికిరాదు, అందులో సెంటు కలుస్తుంది. నిమ్మకాయ, ఉప్పు, పళ్ళపొడి, గిన్నెల పౌడరు పేరెత్తకూడదు. మెత్తబడ్డ పెంకుని తడిపిన చెక్కపుల్లతో పక్కకి నెట్టాలి. దూదిని దొర్లించాలి, రుద్దకూడదు. ఆరబెట్టేటప్పుడు అద్దాలి, తుడవకూడదు.

రుద్దకూడదు, తుడవకూడదు. మొదటి బిళ్ళ రుద్దేశాను. రెండోదీ రుద్దేశాను. నేను కాదు, చెయ్యి. నర్సమ్మ నా మణికట్టు పట్టుకుంది. పుండు మీద దూది వేసినట్టు వెయ్యి అంది. నీ ఇంజెక్షన్ నాకు తెలుసు, ఎంత మెత్తగా వేసేదానివో అన్నాను. (ఇది కొట్టెయ్యమన్నాను. కొట్టెయ్యలేదట, షరతు గుర్తుచేసింది.)

పదకొండో బిళ్ళకి చెయ్యి మాట విన్నది.

మార్చి 20, గురువారం. ఉదయం

కాలరు వచ్చాడు. వరండా మెట్టు మీద కూర్చున్నాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. అత్తా, ఎలా ఉన్నావ్ అన్నాడు. నువ్వు మడిచిన దుప్పటిలా ఉన్నాను అన్నాను. ఓనరు ఉరిమి చూశాడత్తా, నోటికి ఏదొస్తే అది అనేశాను అన్నాడు. నోటికి వచ్చింది అబద్ధం కూడా కాదురా, నిజంలో సగం, నీకు ఏ పనైనా సగమేగా అన్నాను. తల వంచుకున్నాడు. పని పోతుందని భయం అన్నాడు.

నా కోసం ఏమీ చెప్పొద్దు, నువ్వు ఎక్కడ నిలబడ్డావో, చేతిలో ఏముందో అది చెప్పు అన్నాను. లేచాడు. వీధి చివరిదాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగాడు. మళ్ళీ వెళ్ళిపోయాడు.

మార్చి 24, సోమవారం. సాయంత్రం

ఇవాళ ఎక్కువ చెప్తాను, చెయ్యి నొప్పెడితే ఆగు నర్సమ్మా.

ఆఫీసు కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. నేను తెల్ల గుడ్డ పరిచాను. నాలుగు గాజు గిన్నెలు, దూది, పుల్లలు, నీళ్ళు. పెళ్ళివారి వంటలా ఉంది పెద్దమ్మా అన్నాడు ఓనరు. నీకు విస్తరి వెయ్యలేదులే అన్నాను.

మేడమ్ ఒప్పుకోవడానికి గంట పట్టింది. మాస్టారు పచ్చ పొడి చూపించాడు. పుస్తకం చూపించాడు. కడగకపోతే ఎవరిదైనా ఎందుకూ పనికిరాకుండా పోతుంది, ముందు పెంకు ఫొటోలు తీసుకోండి అన్నాడు. ఓనరు అడ్డుపడ్డాడు. ఈవిడ ఇప్పటికే తుప్పు మందుతో రుద్దింది, షాపు మందు, షాపు టైములో, ఈవిడ చేతికి మళ్ళీ ఇస్తారా అన్నాడు. నిజమే రుద్దాను, అది నా తప్పు, నర్సమ్మ చేత కాగితం మీద రాయించాను కూడా అన్నాను. మేడమ్ నా వైపు చూసి, మీ చేత్తోనే చెయ్యండి అంది. అందరం చూస్తాం అంది.

అంచులు పట్టుకున్నాను. మొదట అసిటోన్. ఫ్యాను ఆపించాను, కిటికీలు తీయించాను. పది నిమిషాలకి సబ్బు జిగురు తెల్లగా ఉబ్బింది. బయటికి తీసి డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టాను. పుల్ల తడిపి పెంకు అంచు మీద ఆనించాను. నెట్టలేదు, ఆనించాను. రాలేదు. ఓనరు గొణిగాడు. మళ్ళీ ఆనించాను. గోరంత ముక్క ఊడి నీళ్ళలో తేలింది. దాన్ని గుడ్డ మీదికి తీశాను. మేడమ్ దాన్ని చిన్న సీసాలో వేసి మూత మీద సంతకం పెట్టింది. ఓనరు చేత కూడా పెట్టించింది.

ఇది ఒక్కరోజు పని కాదని మాస్టారు చెప్పాడు. నానాలి. గిన్నెని మేడమ్ బీరువాలో పెట్టి సీలు వేసింది. రోజు విడిచి రోజు ఇద్దరూ వచ్చి ఎదురుగా నీళ్ళు మార్చాలంది. కాలరుని మళ్ళీ అడిగింది. వాడు, నాకు గుర్తు లేదు మేడమ్ అన్నాడు. వాడికి గుర్తుండేది కాలరొక్కటే.

మార్చి 26, బుధవారం

నీళ్ళు మార్చాను. బెంచీ ఒక్కటే ఉంది. ఓనరూ నేనూ ఆ చివర ఈ చివర కూర్చున్నాం.

మార్చి 28, శుక్రవారం

మళ్ళీ బెంచీ. ఓనరు కాఫీ తెప్పించాడు. రెండు. వద్దన్నాను. కాసేపటికి తాగాను. హోటలువాళ్ళు నీ గంజి అడుగుతున్నారు, దుప్పట్లు నిలబడటం లేదంటున్నారు అన్నాడు. నిలబడవు అన్నాను. అంతే.

మార్చి 31, సోమవారం. 11 గంటలు

ఇవాళ పెద్ద ముక్క కదిలింది. పిట్ట కాళ్ళ దగ్గరిది. దూదిని దొర్లించాను, ఒక్కటే సారి, పుండు మీద వేసినట్టు. పెంకు మొత్తంగా పక్కకి ఒరిగింది. దాని అడుగున, బిళ్ళకి అంటుకుని, ఎర్ర దారం ముక్క. నైలాన్ దారం. పుల్లతో ఎత్తి తెల్ల గుడ్డ మీద పెట్టాను. వేలెడు పొడుగు లేదు. దానికి మూడు ముళ్ళున్నాయి, రెండు దగ్గరగా, ఒకటి దూరంగా.

ఓనరు వంగాడు. వంగి అలాగే ఉండిపోయాడు.

ఇదేంటి అంది మేడమ్. నేను చెప్పబోయాను. ఓనరే చెప్పాడు. మా నాన్న ఉన్నప్పుడు నంబర్లు లేవు మేడమ్, బట్టకి దారం కుట్టేవాళ్ళు అన్నాడు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు, ఒక్కో లెక్కన ముళ్ళు. చదువు రానివాళ్ళు కూడా ఎవరి బట్టలో తెలుసుకోవాలని. ముళ్ళు నాన్నే వేసేవాడు, మూడు వెయ్యాలంటే రెండు దగ్గర, ఒకటి దూరం, అలా వేసేది ఆయనొక్కడే. నేను వచ్చాక ప్లాస్టిక్ టాగులు పెట్టాను, దారాలన్నీ తీయించాను. తొమ్మిదేళ్ళయింది అన్నాడు.

అంటే అంది మేడమ్.

అంటే ఇది పోయిన నెల డ్రమ్ములోకి వచ్చింది కాదు మేడమ్ అన్నాడు. నాన్న ఉన్నప్పటి నుంచే ఆ గోతిలో ఉంది. పెద్దమ్మది అన్నాడు.

నాలుగు వారాలుగా ఆ మాట కోసం కాచుకుని ఉన్నాను. వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. దారాన్ని తీసుకోనా అని ఓనరు అడిగాడు. కేసు అయ్యేదాకా సీసాలో ఉండాలి, తర్వాత తీసుకోండి అంది మేడమ్. నీదే బాబూ, తీసుకో అన్నాను. కర్చీఫు తీసి ముక్కు తుడుచుకున్నాడు. కర్చీఫు మడత బాగుంది, నేను చేసిందే, ఇంకా వాడుతున్నాడు.

అప్పుడు, ఓనరు వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ కాలరు, టార్చి నేనే పట్టుకున్నాను మేడమ్ అన్నాడు. అందరం వాడి వైపు తిరిగాం. ఒరే, పెళ్ళయ్యాక బాజాలా అన్నాను. అయినా రాసుకోండి మేడమ్ అన్నాడు. రాసుకుంది.

ఏప్రిల్ 2, బుధవారం

మాస్టారు లెన్సు పెట్టాడు. పిట్ట గోరు కింద గాటు ఉంది. నన్నూ చూడమన్నాడు. ఉంది, చీమ కరిచినంత. తోక వైపు అక్షరాలన్నిటికీ పట్టాలు, చివర చేప తోకలు. మేడమ్ కూడా చూసింది, ఓనరు కూడా చూశాడు. కోడలు రెండుసార్లు చూసింది.

పిట్ట వైపు చర్మం చెక్కుచెదరలేదని మాస్టారన్నాడు. బాదంపిక్క రంగులో ఉంది. అంకె వైపు పోయింది పోయిందే. బిళ్ళ అసలుదని ఇచ్చే సర్టిఫికెట్టులో అది కూడా రాస్తారట, ఒకవైపు రుద్దబడింది అని. రాయనివ్వండి, నిజమేగా అన్నాను. పెద్ద మిషను రాదమ్మా, చిన్న మిషను వస్తుంది అన్నాడు. నాకు చిన్నదే చాలు, పెద్దదానికి డ్రైన్ మూసుకుపోతుంది.

సోమవారం పనిలోకి రమ్మని ఓనరు అన్నాడు. అందరి ముందూ అన్నాడు, పంపేటప్పుడు ఎలా అన్నాడో అలాగే. వస్తాను, డ్రైన్ పద్ధతి గోడ మీద రాయించు అన్నాను. నువ్వు చదవలేవు కదా పెద్దమ్మా అన్నాడు. నాకు తెలుసు, రాయించేది నీకోసం అన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

కేసు ముగించే ఆఖరి కాగితం. దీని మీద నా ముద్రే కావాలంది మేడమ్. ఎడమ బొటనవేలు సిరాలో అద్ది నొక్కాను. నల్లటి మచ్చ పడింది. గీతలు లేవు. మళ్ళీ నొక్కమంది. మళ్ళీ మచ్చే. కుడిది, అదీ మచ్చే. సోడా, బ్లీచింగు, నలభై ఏళ్ళు. ఎప్పుడు పోయాయో నేను చూసుకోలేదు.

గీతల్లేకపోతే ఇది ఎవరిదైనా కావచ్చు కదమ్మా, ఎలా తీసుకోను అంది మేడమ్.

ఓనరు కుర్చీలోంచి లేచాడు. ఆ వేలు మా లాండ్రీలో అరిగింది మేడమ్, నేను సాక్షి అన్నాడు. కలం తీసుకున్నాడు.

గంజమ్మ ముద్ర: ●

సాక్షులు:
అవతలి వాటా నర్సమ్మ (రాసినది కూడా)
వాచీల మాస్టారు
కాలరు
లాండ్రీ చిన్న ఓనరు